వెనక చక్రం బిగుసుకుపోతే ఏం చేయాలి?

సైకిలుకు రెండు చక్రాలు. కానీ రెండింటిదీ ఒకే పని కాదు. ముందు చక్రం దారి పడుతుంది. వెనక చక్రం బరువు మోస్తుంది. మనం సీటు మీద కూర్చుంటే మన బరువులో ఎక్కువ భాగం వెనక చక్రం మీదే పడుతుంది. క్యారేజి మీద పాల క్యాను కట్టినా, యూరియా బస్తా వేసినా, పిల్లవాణ్ణి కూర్చోబెట్టినా ఆ బరువూ దానిమీదే. చైను లాగేది కూడా దాన్నే. అందుకే మొదట పాడయ్యేదీ అదే.

చక్రం నడుమ ఉండే ఇనుప గొట్టాన్ని హబ్బు అంటారు. చువ్వలన్నీ దాని అంచుల నుంచే బయలుదేరతాయి. ఈ హబ్బును ఏడాదికి ఒకసారి విప్పాలి. కడిగి కొత్త గ్రీజు పెట్టాలి. ఈ సంగతి చాలామందికి తెలుసు. చేసేవాళ్లు తక్కువ. చక్రం తిరుగుతూనే ఉంది కదా అని ఊరుకుంటాం. రెండు మూడు వానాకాలాలు గడుస్తాయి. ఒకరోజు చక్రం కిర్రుమంటుంది. విప్పబోతే నట్టు కదలదు. పళ్లచక్రం ఊడి రాదు.

అప్పుడు షాపుకు తీసుకుపోతాం. "ఇది రాదు, మొత్తం హబ్బు మార్చాలి" అంటారు కొన్నిచోట్ల. "చక్రమే మార్చాలి" అనేవాళ్లూ ఉన్నారు. నిజంగా మార్చాల్సిన హబ్బులు ఉంటాయి. కానీ బిగుసుకుపోయిన ప్రతిదీ పాడైపోయినట్టు కాదు. అసలు లోపల ఏముందో, ఏది ఎటు తిరుగుతుందో మనకు తెలిస్తే, ఆ మాట నిజమో కాదో మనమే చూసుకోవచ్చు. చాలాసార్లు మనమే విప్పుకోవచ్చు కూడా.

ఇక్కడ చెప్పేదంతా మన ఊళ్లలో తిరిగే మామూలు నల్ల సైకిలు గురించి. గేర్ల సైకిలు గురించి కాదు.

లోపల ఏముంది?

ఎడ్లబండి చక్రం చూశారు కదా. నడుమ ఇరుసు ఉంటుంది. ఇరుసు కదలదు. చక్రం దాని చుట్టూ తిరుగుతుంది. ఆ రెండూ రాసుకోకుండా మన పెద్దవాళ్లు ఆముదంలో కాల్చిన గడ్డి మసి కలిపి కందెన వేసేవాళ్లు. సైకిలులోనూ సంగతి ఇదే. ఇరుసు కదలదు. హబ్బు తిరుగుతుంది. కందెనకు బదులు గ్రీజు.

ఒక్క తేడా ఉంది. సైకిలులో ఇరుసుకూ హబ్బుకూ నడుమ గుండ్రటి ఇనుప గోళీలు ఉంటాయి. వీటిని బాల్సు అంటారు. వెనక చక్రంలో ఒక్కో వైపు 9 బాల్సు. రెండు వైపులా కలిపి 18. ఒక్కో బాల్ అడ్డం కొలత పావు అంగుళం. ముందు చక్రం బాల్సు ఇంతకంటే చిన్నవి. రెండూ కలిపి ఒకే డబ్బాలో వేయకండి.

ఈ బాల్సు హబ్బు లోపల గిన్నెలాంటి చోట కూర్చుంటాయి. దాన్ని కప్పు అంటారు. బాల్సు బయటికి రాకుండా ఇరుసు మీద బిగించే ముక్కను కోను అంటారు. కోను ఒక చివర సన్నగా, ఒక చివర లావుగా ఉంటుంది. కోను మరీ బిగిస్తే చక్రం తిరగదు. మరీ వదులైతే చక్రం ఊగుతుంది. కొన్ని హబ్బులకు కోను వెనక ఇంకో పలచటి నట్టు ఉంటుంది. కోను తనంతట తాను తిరగకుండా అది పట్టి ఉంచుతుంది. దాన్ని లాక్‌నట్టు అంటారు. దాని బయట సైకిలు ఫ్రేము. దాని బయట స్టాండు, క్యారేజి కడ్డీలు, వాషరు. అన్నిటికంటే బయట పెద్ద నట్టు.

చైను ఉండే వైపు ఇంకొకటి ఉంది. అదే పళ్లచక్రం. దాన్ని ఫ్రీవీల్ అంటారు. ముందుకు తొక్కితే చక్రాన్ని లాగుతుంది. తొక్కడం ఆపితే టిక్ టిక్ టిక్ అంటూ చక్రాన్ని వదిలేస్తుంది. ఆ టిక్ టిక్ ఎక్కడిది? ఫ్రీవీల్ లోపల నాలుకల్లాంటి చిన్న ముక్కలు ఉంటాయి. వాటి వెనక సన్నటి స్ప్రింగు ఉంటుంది. అవి లోపలి పళ్ల మీదుగా జారుతూ చేసే చప్పుడు అది.

ఎందుకు బిగుసుకుంటుంది?

మొదటి కారణం తుప్పు. ఇనుముకు నీళ్లూ గాలీ తగిలితే తుప్పు పడుతుంది. ఇది అందరికీ తెలుసు. కానీ ఇంకో సంగతి గమనించండి. ఇనుము తుప్పుగా మారితే ఉబ్బుతుంది. ఉన్న చోటు కంటే ఎక్కువ చోటు కావాలంటుంది. నట్టుకూ ఇరుసుకూ నడుమ ఉండే సందు వెంట్రుక అంత. ఆ సందులో తుప్పు ఉబ్బితే ఇక నట్టు ఎలా కదులుతుంది? సీసా మూతిలో బిరడా ఉబ్బినట్టే.

ఉప్పు ఉంటే తుప్పు ఇంకా తొందరగా పడుతుంది. సముద్రం ఒడ్డు ఊళ్లలో సైకిళ్లను చూడండి. మెట్ట ఊరి సైకిలు ఐదేళ్లకు పట్టే తుప్పు అక్కడ ఏడాదికే పట్టేస్తుంది. చేపలమ్మేవాళ్ల సంగతి ఇంకా కష్టం. బుట్టలోంచి ఉప్పునీళ్లు చుక్క చుక్కగా కారుతుంటాయి. అవి పడేది సరిగ్గా ఇరుసు మీదే. ఎరువు బస్తాలు మోసే సైకిలుకూ ఇదే బాధ. ఎరువు గాలిలో తేమను పీల్చుకుంటుంది. రాలిన పొడి నట్ల మీద పడి ఇనుమును తినేస్తుంది. ఎరువు తోలిన రోజు సాయంత్రం రెండు చెంబుల మంచినీళ్లతో ఇరుసు దగ్గర కడిగి, గుడ్డతో తుడిస్తే చాలు. ఆ పని ఐదు నిమిషాలు కూడా పట్టదు.

కాలవలో సైకిలు దించి కడిగే అలవాటు కొందరికి ఉంది. అది మానుకోవాలి. హబ్బులోకి నీళ్లు పోతాయి, బయటికి రావు.

రెండో కారణం వేరు. అది ఫ్రీవీల్‌కే ఉంది. ఫ్రీవీల్ హబ్బు మీద నట్టులాగా మరచుట్లతో బిగుసుకుని ఉంటుంది. మనం తొక్కిన ప్రతిసారీ చైను దాన్ని ఇంకా బిగిస్తుంది. బస్తాతో వంతెన ఎక్కేటప్పుడు లేచి నిలబడి తొక్కుతాం కదా. అప్పుడు మన ఒంటి బరువంతా దాన్ని బిగిస్తుంది. ఇలా ఏళ్ల తరబడి తొక్కాక చేత్తో తిప్పితే ఊడి రమ్మంటే వస్తుందా? అందుకే తుప్పు లేని ఫ్రీవీల్ కూడా రాదు. అది దాని తప్పు కాదు. అలా బిగుసుకునేలాగే దాన్ని తయారు చేశారు.

ఎటు తిప్పాలి?

చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. విప్పుతున్నామనుకుని బిగిస్తారు.

మామూలు నట్టు గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితే బిగుస్తుంది. ముల్లుకు ఎదురు తిప్పితే వదులవుతుంది. మన పంచాయతీ కుళాయి తిప్పినట్టే. వెనక ఇరుసు మీద రెండు వైపులా మామూలు మరచుట్లే. ఏ నట్టు విప్పాలో దాని ఎదురుగా కూర్చోండి. ముల్లుకు ఎదురు తిప్పండి. ఎడమ వైపు నట్టును కుడి వైపు నుంచి వంగి చూస్తూ తిప్పితే తికమక వస్తుంది. లేచి అటువైపు పోయి కూర్చోవడమే మంచిది.

ఫ్రీవీల్ కూడా హబ్బు మీద మామూలు మరచుట్లతోనే ఉంటుంది. దానికి ఎదురుగా చూస్తూ ముల్లుకు ఎదురు తిప్పితే వస్తుంది. కానీ ఫ్రీవీల్ ముఖం మీద రెండు చిన్న గుంటలున్న మూత ఒకటి కనిపిస్తుంది. అది మాత్రం తిరకాసు. దాని మరచుట్లు ఎదురుగా ఉంటాయి. ముల్లు తిరిగే వైపు తిప్పితేనే విప్పుకుంటుంది. ఆ మూతను తీయడం అంటే ఫ్రీవీల్ లోపలి భాగాన్ని విప్పడం. లోపల సన్నటి బాల్సు బోలెడు ఉంటాయి. నేల మీద చెల్లాచెదురు అవుతాయి. అవసరం లేకుండా దాని జోలికి పోవద్దు.

పెడళ్లలో కూడా ఇలాంటి తిరకాసు ఉంది. ఎడమ పెడలు ఎదురు మరచుట్లది. అందుకే చాలా పెడళ్ల ఇరుసు చివర ఇంగ్లీషు అక్షరాలు కొట్టి ఉంటాయి. 'ఎల్' అంటే ఎడమ. 'ఆర్' అంటే కుడి. ఈసారి మీ సైకిలు పెడలు చూడండి. ఆ రెండు అక్షరాలు వెతికి పట్టుకోండి.

నట్టు కదలకపోతే

మా వైపు ఒక బాబాయ్ చేపలు అమ్ముతాడు. తెల్లవారుజామున రేవుకు పోయి చేపలు కొంటాడు. ఐసు వేసుకుని ఊళ్లు తిరుగుతాడు. పొద్దెక్కితే ఐసు కరుగుతుంది. చేప మెత్తబడితే పొద్దుట చెప్పిన రేటు మధ్యాహ్నం ఎవరూ ఇవ్వరు. ఆయన సైకిలు వెనక ట్యూబు పంచరయింది. చక్రం తీయాలంటే నట్టు రాలేదు. ఒక షాపులో కుర్రవాడు స్క్రూపానా పెట్టి గుంజాడు. నట్టు మూలలు అరిగి గుండ్రంగా అయింది. తర్వాత ఉలి పెట్టి కొట్టాడు. ఇరుసు చివర మరచుట్లు నలిగాయి. "ఇరుసు, హబ్బు రెండూ మార్చాలి" అన్నారు. ఆ రోజు బాబాయ్ పక్కింటివాళ్ల సైకిలు అడిగి తీసుకుపోయాడు.

సాయంత్రం ఆ సైకిలును ఒక పెద్ద మేస్త్రి దగ్గరికి తీసుకుపోయాం. ఆయన నట్టు చూసి, "తలుపు తీయమంటే గోడ పగలగొట్టారేంటయ్యా!" అన్నాడు. ఆ పూట పానా ముట్టుకోలేదు. తీగ బ్రష్షుతో నట్టు చుట్టూ తుప్పు గోకాడు. కొంచెం డీజిలు, కొంచెం ఇంజనాయిలు కలిపి పోశాడు. ఆ నూనెలో ముంచిన గుడ్డపేలిక నట్టుకు చుట్టాడు. "రేపు పొద్దున్నే రండి" అన్నాడు.

పొద్దున ఆయన చేసిన పని వరుసగా చెబుతాను. ముందు చిన్న సుత్తితో నట్టు పక్కల మీద తట్టాడు. గట్టిగా కాదు. తలుపు తట్టినట్టు, చుట్టూతా పాతిక ముప్ఫైసార్లు. ఆ అదురుకు లోపలి తుప్పు పగులుతుంది. పగుళ్లలోకి నూనె దిగుతుంది. తర్వాత గుండ్రంగా అరిగిన నట్టును ఆకురాయితో రెండు వైపులా బల్లపరుపుగా రాశాడు. ఇప్పుడు కొంచెం చిన్న పానా దానికి సరిగ్గా పట్టింది. పానా చివరకు మూడు జానల ఇనుప గొట్టం తొడిగాడు.

అప్పుడు ఆయన చేసింది చూసి బాబాయ్ కంగారు పడ్డాడు. నట్టును విప్పే వైపు తిప్పలేదు. బిగించే వైపు కొంచెం నొక్కాడు. "అటు కాదు తాతా!" అన్నాడు బాబాయ్. "తెలుసులేవయ్యా. మొండిదాన్ని ముందు దాని దారిలోనే కదిలించాలి" అన్నాడాయన. నట్టు వెంట్రుకంత కదిలింది. టక్‌మని చప్పుడైంది. తుప్పు పట్టు తప్పింది. ఇక ఎదురు తిప్పాడు. అర చుట్టు తిప్పి ఆపాడు. మళ్లీ పావు చుట్టు వెనక్కి. మళ్లీ నూనె. మళ్లీ ముందుకి. ఇలా ఇటూ అటూ తిప్పుతూ తీశాడు. ఒకేసారి తిప్పేస్తే తుప్పు పొడి నడుమ చిక్కుకుని మరచుట్లను చీరేస్తుందట.

ఇరుసు మరచుట్లు కొంచెం నలిగినా పనికొచ్చాయి. హబ్బుకు ఏమీ కాలేదు. ఖర్చు ఒక కొత్త నట్టు.

ఇందులో బలం కంటే ఓపిక ఎక్కువ. గొట్టం సంగతి కూడా చూడండి. పానా ఒక జానెడు ఉందనుకుందాం. గొట్టం తొడిగాక పట్టుకునే చోటు నట్టుకు మూడు జానల దూరం అయింది. అదే చెయ్యి, అదే బలం. కానీ నట్టు మీద పడే బలం మూడింతలు. గునపంతో బండను లేపడం మీకు తెలిసిందే. ఇదీ అదే లెక్క. కాబట్టి ఇది మగవాళ్లే చేయాల్సిన పని అనుకోవద్దు. 1990ల మొదట్లో తమిళనాడులోని పుదుక్కోట్టై జిల్లాలో అక్షరాస్యత ఉద్యమంతోపాటు ఆడవాళ్లకు సైకిలు తొక్కడం నేర్పారు. వేలమంది నేర్చుకున్నారు. సైకిలు తొక్కే చెయ్యి పానా పట్టలేదా?

నూనె గురించి ఒక మాట. పూర్వం అందరూ కిరసనాయిలు వాడేవాళ్లు. ఇప్పుడు అది చాలా ఊళ్లలో దొరకడం లేదు. డీజిలు అయినా సరిపోతుంది. పలచగా ఉండే నూనె సన్నటి సందులోకి పాకుతుంది. చిక్కటి గ్రీజు పాకదు. కాబట్టి విప్పడానికి పలచటి నూనె, బిగించేటప్పుడు చిక్కటి గ్రీజు. కొబ్బరినూనె, వంటనూనె మాత్రం వాడకండి. అవి ఎండి జిగురు కడతాయి. ఉన్న బాధకు తోడు ఇంకో బాధ. పెట్రోలు అసలే వద్దు. దాని ఆవిరికి దూరంగా ఉన్న బీడీ నిప్పు కూడా అంటుకుంటుంది.

ఒక రాత్రి నానబెట్టినా కదలకపోతే మరో రాత్రి నానబెట్టండి. అప్పటికీ రాకపోతే నట్టు మీద మరిగే నీళ్లు పోయండి. వేడికి నట్టు కొంచెం సాగుతుంది. ఇరుసుకు వేడి ఎక్కేలోపు తిప్పి చూడండి. మంటతో కాల్చే పని ఇంట్లో పెట్టుకోకండి. డీజిలు పోసిన చోట మంట పెడితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. పక్కనే టైరు ఉంటుంది. ఇంకో సంగతి, కోనునూ కప్పునూ గట్టిదనం ఎక్కించిన ఇనుముతో చేస్తారు. మంటలో ఎర్రగా కాలితే ఆ గట్టిదనం పోతుంది. పైకి బాగానే కనిపిస్తాయి. నెల తిరక్కుండా అరిగిపోతాయి.

అన్నీ అయ్యాక చివరి మార్గం నట్టును కోసేయడం. రంపంతోగానీ ఉలితోగానీ నట్టు ఒక పక్క చీల్చాలి. ఇరుసుకు తగలనివ్వకూడదు. నట్టు పోతే నట్టే పోయింది. ఇరుసు మిగలాలి. మొదటే ఉలి పట్టడానికీ చివర్లో పట్టడానికీ తేడా ఇదే.

ఇరుసు చివర సుత్తితో కొట్టాల్సి వస్తే, దాని మీద చెక్కముక్క పెట్టి కొట్టండి. నేరుగా కొడితే చివర పుట్టగొడుగులా విచ్చుకుంటుంది. ఇక ఏ నట్టూ ఎక్కదు, దిగదు.

కోను బిగుసుకుంటే

చక్రం బయటికి తీశాక లాక్‌నట్టు, కోను విప్పాలి. ఇక్కడ వచ్చే చిక్కు వేరు. మీరు ఎడమ నట్టు తిప్పితే ఇరుసు మొత్తం తిరుగుతుంది. నట్టు మాత్రం దాని మీద అలాగే ఉంటుంది. దీనికి ఉపాయం ఉంది. కుడివైపు ఇరుసు చివర రెండు నట్లు ఎక్కించండి. ఒకదాన్ని ఒకటి నొక్కేలా బిగించండి. అవి ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. ఆ నట్టును ఒక పానాతో కదలకుండా పట్టుకోండి. ఇంకో పానాతో ఎడమవైపు విప్పండి. ఇద్దరుంటే సులువు.

కోనును పట్టుకోవడానికి పలచటి పానా కావాలి. లావు పానా సందులో దూరదు. దూరనిదాన్ని బలవంతంగా తోస్తే కోను అంచు అరుగుతుంది. కోను తిరగకపోతే దానికీ పైన చెప్పిన వైద్యమే. నూనె, రాత్రి, చిన్న సుత్తి. కాకపోతే చక్రాన్ని పడుకోబెట్టి నూనె పోయాలి. అప్పుడే మరచుట్లలోకి దిగుతుంది.

ఒక్క వైపు కోను తీస్తే చాలు. రెండో వైపుది ఇరుసుకే ఉంచి, ఇరుసును అటువైపు లాగేయండి. కింద తెల్ల గుడ్డ పరవడం మరవద్దు. బాల్సు జారి పడతాయి. లెక్కపెట్టండి. ఒక్కో వైపు 9 రావాలి. 8 వస్తే వెతకండి.

బాల్సు మెరుస్తూ నున్నగా ఉంటే మంచివి. మసకగా, గుంటలు పడి ఉంటే అన్నీ మార్చేయండి. పాతవి నాలుగు, కొత్తవి ఐదు కలపకండి. అరిగినవి చిన్నవి అవుతాయి. బరువంతా కొత్తవాటి మీద పడుతుంది. కోను మీద గోరు పెట్టి చుట్టూ గీయండి. గోరు ఎక్కడైనా తట్టుకుంటే అక్కడ గుంట పడినట్టు. ఆ కోను మార్చాలి. హబ్బు లోపలి కప్పు కూడా అలాగే చూడండి. కప్పు పగిలితే, లోతుగా గుంటలు పడితే అప్పుడు "హబ్బు మార్చాలి" అన్న మాట నిజం. ఆ గుంటను మీ వేలితో మీరే తడిమి చూడండి.

సైకిలు కంపెనీ ఏదని కంగారు పడక్కర్లేదు. అట్లాస్ కంపెనీ సాహిబాబాద్ ఫ్యాక్టరీ 2020 జూన్‌లో మూతపడింది. అయినా ఆ సైకిలు వాడేవాళ్లకు హబ్బు సామాను దొరుకుతూనే ఉంది. నల్ల సైకిళ్ల ఇరుసులు, కోనులు, బాల్సు ఒకే రకం కొలతలతో వస్తాయి. పంజాబులోని లూధియానా ఊరు ఈ సామానుకు పేరు. కొనేటప్పుడు పాత కోను, పాత బాల్ చేతిలో పట్టుకుపోయి పక్కపక్కన పెట్టి చూసుకోండి.

ఫ్రీవీల్ తీయడం

ముందు ఒక సంగతి తేల్చుకోవాలి. ఫ్రీవీల్ తీయాలా, లోపల శుభ్రం చేస్తే చాలా? తొక్కుతుంటే పెడలు ఊరికే తిరిగిపోతూ చక్రం కదలకపోతే, లోపలి నాలుకలు జిడ్డుకు అంటుకుపోయాయి. తొక్కడం ఆపినా పెడళ్లు వాటంతట అవే తిరుగుతుంటే, ఫ్రీవీల్ తుప్పుతో పట్టేసింది. రెండూ ప్రమాదమే. వాలులో దిగేటప్పుడు పెడలు కాలిని కొడుతుంది.

ఈ రెండింటికీ తీయకుండానే చేసే వైద్యం ఒకటుంది. చక్రాన్ని తీసి, ఫ్రీవీల్ పైకి ఉండేలా పడుకోబెట్టండి. తిరిగే భాగానికీ తిరగని భాగానికీ నడుమ సన్నటి గుండ్రటి సందు కనిపిస్తుంది. అందులో కిరసనాయిలుగానీ డీజిలుగానీ పోస్తూ, పళ్లను వెనక్కి తిప్పుతూ ఉండండి. నల్లటి మడ్డి కింది నుంచి కారుతుంది. అది తేటపడేదాకా పోయండి. ఆ తర్వాత కుట్టుమిషను నూనె నాలుగు చుక్కలు. గ్రీజు పెట్టకండి. చలికాలం గ్రీజు గట్టిపడి నాలుకలను మళ్లీ అంటిస్తుంది. టిక్ టిక్ చప్పుడు తిరిగి వస్తే బతికినట్టే.

పళ్లు మొన తేలి, చైను జారుతుంటే మాత్రం ఫ్రీవీల్ మార్చాల్సిందే. కుడివైపు చువ్వ తెగినా దాన్ని తీయక తప్పదు. దీనికి ఒక తాళంచెవి లాంటి పనిముట్టు ఉంటుంది. ఫ్రీవీల్ నడుమ రెండు గాడులో నాలుగు గాడులో ఉంటాయి. ఆ తాళం వాటిలో కూర్చుంటుంది. మీ ఫ్రీవీల్‌కు ఎన్ని గాడులో చూసి దానికి తగ్గదే తెచ్చుకోండి.

తాళం గాడుల్లో పెట్టాక, దానిమీద ఇరుసు నట్టు ఎక్కించండి. వేళ్లతో బిగిస్తే చాలు. ఇది లేకపోతే తాళం జారి గాడులు విరుగుతాయి. గాడులు విరిగితే ఇక ఆ ఫ్రీవీల్‌ను పగలగొట్టి తీయాలి. ఇప్పుడు తాళాన్ని బెంచి వైసులో బిగించండి. ట్రాక్టరు మెకానిక్ దగ్గరో, వెల్డింగు షాపులోనో బెంచి వైసు ఉంటుంది. అడిగితే పది నిమిషాలు ఇస్తారు. చక్రం పైన, ఫ్రీవీల్ కింద. చక్రం అంచును రెండు చేతులా పట్టుకుని, పైనుంచి చూస్తూ, ముల్లుకు ఎదురు తిప్పండి. తిరగలి తిప్పినట్టు. ఇక్కడ చక్రమే మన పొడుగు గొట్టం. టక్‌మని వదులుతుంది. వదిలిన వెంటనే ఆగండి. ఇరుసు నట్టు వదులు చేయండి. లేకపోతే ఫ్రీవీల్ పైకి రావడానికి చోటు ఉండదు. మరచుట్లు చెడతాయి.

చక్రం చువ్వలన్నీ విప్పేయాలనుకుంటే, ముందు ఫ్రీవీల్ తీయండి, తర్వాత చువ్వలు. ఈ వరుస తప్పితే పట్టుకోవడానికి అంచు మిగలదు. హబ్బును చేత్తో పట్టుకుని ఎంత తిప్పినా రాదు.

గాడులు విరిగిన ఫ్రీవీల్‌కే ఆ రెండు గుంటల మూత పని పడుతుంది. గుంటలో మొనగల మేకు పెట్టి, ముల్లు తిరిగే వైపు సుత్తితో కొట్టాలి. మూత వస్తే పళ్ల భాగం ఊడుతుంది. లోపలి ముక్క హబ్బు మీద మిగులుతుంది. దాన్ని వైసులో గట్టిగా పట్టించి చక్రం తిప్పాలి. ఫ్రీవీల్ పోయినా హబ్బు దక్కుతుంది.

తిరిగి బిగించేటప్పుడు

తుప్పు పట్టిన నట్లు, వాషర్లు పారేయక్కర్లేదు. చిక్కటి చింతపండు పులుసులో ఒక రాత్రి వేయండి. పులుపుకు తుప్పు వదులుతుంది. పొద్దున బ్రష్షుతో రుద్ది, మంచినీళ్లతో కడిగి, వెంటనే ఆరబెట్టి నూనె రాయండి. నూనె రాయకపోతే సాయంత్రానికే మళ్లీ ఎర్రబడతాయి. బాల్సునూ కోనునూ మాత్రం పులుసులో వేయకండి. నున్నదనం పోతుంది.

కప్పులో గ్రీజు నింపి, బాల్సును ఒక్కొక్కటే అందులో గుచ్చండి. గ్రీజు వాటిని పట్టి ఉంచుతుంది. ఇరుసు మరచుట్లకు, నట్ల లోపల కూడా కాస్త గ్రీజు రాయండి. ఫ్రీవీల్ ఎక్కించే ముందు హబ్బు మరచుట్లకు తప్పకుండా గ్రీజు రాయండి. వేలితో ఒక్కసారి తిప్పి రాస్తే చాలు. ఈ చిటికెడు గ్రీజు లేకే ఇంత కథ నడిచింది. ఫ్రీవీల్‌ను చేత్తోనే ఎక్కించాలి. వంకరగా ఎక్కితే వెంటనే వెనక్కి తీసి మళ్లీ మొదలుపెట్టండి. పానాతో బిగించే పని లేదు. తొక్కితే అదే బిగుసుకుంటుంది.

కోనును తగిలేదాకా బిగించి, పావు చుట్టు వెనక్కి తీయండి. లాక్‌నట్టు బిగించేటప్పుడు కోను కూడా కొంచెం తిరుగుతుంది. అందుకే ఆ తర్వాత మళ్లీ చూసుకోవాలి. చక్రాన్ని పట్టుకుని పక్కలకు ఊపండి. డగడగలాడితే వదులు. ఊగకపోతే చక్రం ఎత్తి, గాలికొట్టే వాల్వు పైకి వచ్చేలా పెట్టి కొంచెం పక్కకు వదలండి. వాల్వు వైపు బరువు కాస్త ఎక్కువ. చక్రం తనంతట తాను తిరిగి వాల్వు కిందికి వచ్చి ఆగితే కోను సరిగ్గా కుదిరినట్టు. నడుమలోనే ఆగిపోతే ఇంకా బిగువుగా ఉంది. ఇంకొంచెం వదులు చేయండి.

చక్రాన్ని ఫ్రేములో పెట్టాక చైను మరీ లాగి బిగించకండి. నడుమ వేలితో నొక్కితే అర అంగుళం కదలాలి. నాలుగు రోజులు తొక్కాక రెండు పెద్ద నట్లనూ మరొకసారి పానాతో బిగించి చూసుకోండి. కొత్తగా వేసిన నట్టు మొదటి వారంలో కొంచెం సడలుతుంది.